గంటె నోటికి తగలరాదు

గంటె కాదు ఇది, గంటె అయితే కాడ పొడుగ్గా ఉండాల, కాడ చివర వంకీ ఉండాల గోడకు తగిలించేదానికి, తెడ్డు అసలే కాదు, తెడ్డు కొయ్యది, సంగటి కెలికేది, చిల్లుల గంటె కూడా కాదు, అది నూనెలోనించి వడలు తీసేది, ఈ పిల్ల నా ముక్కు ముందర అట్టముక్క పట్టుకోని కూర్చోనుండాది, అట్టముక్క మీద బొమ్మ, బొమ్మలో వేలెడంత స్టీలుది, టీలో చక్కెర కలుపుకునేది, పిల్లోల్లకు మందు తాపేది, దాని పేరు నాకు తెలుసు, నలభై ఏండ్లు పొయ్యి కాడ నిలబడిన రత్నమణికి తెలియకపోతే ఈ కర్నూలు జిల్లాలో ఇంకెవరికి తెలుస్తాది, చెప్పండమ్మా, ఇదేంటి, అంటాంది ఈ పిల్ల, పేరు తనూజ అంట, మాట పడిపోయినోల్లకు మళ్ళ మాటలు నేర్పిస్తాదంట, కండ్లద్దాలు, తెల్లకోటు, మంచి పిల్లే గానీ నాతో గట్టిగా అరిచి మాట్లాడతాది, నాకు చెవుడు లేదు తల్లీ, నాకు పోయింది చెవులు కాదు, సరే చెప్తా ఉండు, పేరు గొంతు కాడికి వచ్చినాది, నాలిక మీదికి ఎక్కినాది, నోరు తెరిచినా, స్తోత్రం, అని వచ్చినాది, ఛీ, మళ్ళ అదే, వాకిలి కాడ ఆటో తాళాలు ఆడిస్తా నిలబడుకోనుండే నా కొడుకు యేసుప్రసాద్ తల దించుకున్నాడు, నా పక్కన కూర్చున్న కోడలు మధులత తల దించుకోలే, నా కొంగు సర్దింది, ఇంకోసారి చూడండమ్మా, చెం... చెం... అంటా ఆ పిల్ల సగం మాట అందిస్తాంది, చెంచా, చెంచా, చెంచా, నా బుర్రలో గంట కొట్టినట్ల వినపడతాంది చెంచా, నా నోరు మాత్రం, స్తోత్రం.

నలభై ఐదు దినాల నించి నా నోట్లో ఉండేది ఈ ఒక్క మాటే, ఆ పొద్దు బడిలో రాగిజావ పోస్తాండా, పిల్లోల్లు గ్లాసులు పట్టుకోని వరసగా నిలబడుకోనుండారు, పెద్ద గంటెతో ఒక గ్లాసుకు ఒక గంటె, అది లెక్క, అప్పుడు నా కుడిచెయ్యి నాది కాకుండా పాయె, గంటె జారి గుండిగలో పడిపాయె, గంటె పడింది, తీయండి, అని అరవబోతే స్తోత్రం అని వచ్చినాది, పిల్లోల్లు పకపకా నవ్వినారు, రత్నమ్మవ్వ జావకు ప్రార్థన చేస్తాంది అని, వాల్ల తప్పేముంది, నాకే నవ్వొచ్చినట్లుండె, మళ్ళ లేచి చూసేసరికి ఆసుపత్రి మంచం, మెదడులో ఎడమ పక్క నెత్తురు గడ్డ కట్టిందంట, కుడిచెయ్యి పడిపాయె, కాలు ఈడ్చుకుంటా నడుస్తాండా గానీ చెయ్యి ఇంకా రాలే, ఒడిలో పెట్టుకోని తిరుగుతాండా, మాట మొత్తం పాయె, ఈ ఒక్కటి మాత్రం ఎట్ల మిగిలిందో, చిన్నప్పటినించి యేసయ్య గుడిలో మేలుకు దండం చెప్పేదానికి అని అని నోట్లో అరిగిపోయిన మాట కదా, అందుకే మిగిలిందేమో, ఆకలైతే స్తోత్రం, దొడ్డికి పోవాలంటే స్తోత్రం, ఇంట్లోకి కుక్కొస్తే స్తోత్రం, కోపమొస్తే రెండు స్తోత్రాలు, మొన్న ఆదివారం పాస్టరు దావీదురాజయ్య నన్ను ముందర కూర్చోబెట్టి, చూడండి, లోకం మాటలన్నీ పోయినా ఈ సహోదరికి దేవుని మాట మిగిలింది, ఎంత గొప్ప సాక్ష్యం, అంటే అందరూ ఆమేన్ అన్నారు, అయ్యా, దేవునికి నా స్తోత్రాలు ముందే శానా అందినాయి, ఇప్పుడు నాకు కావాల్సింది ఉప్పు, చింతపండు, కందిబేడలు అనే మాటలు, అవి ఇప్పించమను, అని ఆయప్పకు చెప్పాలనుకున్నా, స్తోత్రం అన్నా, ఆయప్ప కండ్లు తుడుచుకున్నాడు.

నవ్వులాట కాదు ఇది, ఈ పిల్ల ఇచ్చే కాగితంలో ఏం రాస్తాదో దాన్ని బట్టే నా బతుకు, పొద్దున ఆటోలో వస్తా యేసుప్రసాద్ మధులతతో చెప్పినాడు, నేను వెనక సీట్లో ఉండా, ఆటోలో బియ్యం మూట ఉన్నట్ల, నా ముందరనే, అమ్మకు తెలివి కూడా పోయిందని రాసిస్తే బడిలో వంట వద్దని శ్రీనివాసులు సారుకు చెప్పేస్తా, నువ్వు కర్నూలులో బట్టలంగడిలో చేరు, అమ్మను ఇంట్లో పెట్టి బయట గడె పెట్టుకోని పోదాం, గ్యాసు తీసేసి పోదాం, తెలివి లేనోల్లు పొయ్యి కాడికి పోతే ఇల్లు కాలిపోతాది, అన్నాడు, వాడు చెడ్డోడు కాదు, దినమంతా కల్లూరుకూ కర్నూలుకూ ఆటో తిప్పి తిప్పి వచ్చి పెద్ద డాక్టరు రాసిన నూనెతో నా చెయ్యి రుద్దుతాడు, రుద్దుతా ఏడుస్తాడు, కానీ నాతో మాట్లాడడు, నలభై ఐదు దినాల్లో అమ్మా అని పిలిచి నన్ను ఒక్క మాట అడగలే, అడిగినా ఏం లాభం, స్తోత్రం అంటాది అనుకున్నాడు, బయట గడె అన్నాడే ఆ మాట నా గుండెలో పడింది, హెడ్మాస్టరు శ్రీనివాసులు సారు మంచాయన, రత్నమ్మకు అర్థమైతాండాదని కాగితం తెస్తే చాలు, ఆయమ్మ కుర్చీలో కూర్చోని చెయ్యి చూపించినట్ల కోడలు వండుతాది, లేకుంటే వేరేవాల్లకు ఇయ్యాల, అన్నాడు, నాకు అర్థమైతాండాది సారూ, అన్నీ అర్థమైతాండాయి, అదే నా బాధ, అర్థం కాకుండా ఉంటే ఎంత హాయి, గడె పెట్టినా తెలిసేది కాదు.

అట్టముక్కలు మారుస్తాంది ఆ పిల్ల, దువ్వెన, స్తోత్రం, గొడుగు, స్తోత్రం, తాళంచెవి, స్తోత్రం, ప్రతిదానికీ కాగితంలో చిన్న అడ్డగీత గీస్తాంది, మళ్ళ ఆ చెంచా బొమ్మ కింద పెట్టింది, నేను దాన్నే చూస్తాండా, ఎంత మంది ఎన్ని పేర్లతో పిలుస్తారు దీన్ని, మా పక్కింటి బాషా వాల్లమ్మ చమ్చా అంటాది, ఇంగ్లీషు మీడియం పిల్లోల్లు స్పూను అంటారు, ఎమ్మెల్యే వెనకాల తిరిగే మహానందిని కూడా ఊర్లో చెంచా అంటారు, వాడేమో నవ్వుకుంటా పోతాడు, గుళ్ళో తీర్థం పోసే రాగిదాన్ని ఉద్ధరిణి అంటారంట, శ్రీనివాసులు సారు చెప్పినాడు, నేను లోపలికి పోయి చూసిందాన్ని కాదు, దగ్గు మందుకు రెండు చెంచాలు అంటారు, పెండ్లిలో పప్పుకు ఒక గంటె, నెయ్యికి అర చెంచా, ఆ అర చెంచాలో ఉంటాది రాజకీయమంతా, వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఒకటే అంటారు, నేను మాత్రం బడిలో కడపంక్తికీ మొదటి పంక్తికీ ఒకే గంటె పోసినా, పదహారేండ్లు, ఒక్కరోజు కూడా గంటె తలకొట్టి తక్కువ పోయలే.

ఆ గంటె కోసం ఎన్ని అగచాట్లు పడినానో ఈ పిల్లకేం తెలుసు, మొదటి ఏడాది బడిలో వంట మా పేట ఆడోల్లకు ఇచ్చినప్పుడు ఊర్లో పెద్దిండ్లోల్లు పిల్లోల్లకు డబ్బాలు కట్టి పంపిస్తాండిరి, కులం మాట ఎవరూ నోరు తెరిచి అనలే, గంటె నాకి మళ్ళ గుండిగలోనే పెడతారంట, ఎంగిలి కూడు మా పిల్లోల్లు తినాలా, అన్నారు, అది మర్యాద మాట, లోపల ఉండే మాట వేరే అని వాల్లకూ తెలుసు మాకూ తెలుసు, ఒకరోజు పెద్దింటి రామసుబ్బమ్మ వచ్చింది, వంటగది వాకిలి కాడ నిలబడి ముక్కు మీద కొంగు పెట్టుకోని చూస్తాంది, నేను పప్పులో ఉప్పు చూడాల, మా యమ్మ నేర్పించినట్ల గంటె పైకెత్తి ఎడమ అరచేతిలో ఒక్క చుక్క వొంపినా, గంటె చేతికి కూడా తగలకుండా, అరచెయ్యి నాకి ఆ చెయ్యి బకెట్లో కడిగి గంటె పప్పులో పెట్టినా, రామసుబ్బమ్మ మరుసటి దినం వచ్చింది, ఆ మరుసటి దినం వచ్చింది, మూడు దినాలు నిలబడి చూసింది, నాలుగో దినం ఆయమ్మ మనవడు భూపేష్ డబ్బా తెచ్చుకోలే, పళ్ళెం పట్టుకోని వరసలో కూర్చున్నాడు, నా చేత్తో పప్పు పోస్తే రెండోసారి అడిగినాడు, ఆ పొద్దు ఇంటికి పోయి నేను ఒక్కదాన్నే కూర్చోని ఏడ్చినా, సంతోషమో ఏమో నాకే తెలియలే, ఆ దినం నించి నా కాడ ఒకటే చట్టం, గంటె నోటికి తగలరాదు, వంటకు వచ్చే ఆడోల్లకు ముందు చెప్పే మాట అదే, జీతం తర్వాత చెప్తా.

ఇంట్లో కూడా అదే చట్టం, ఇంట్లో ఎవరు చూస్తాండారని, ఎవరూ లేరు, అయినా అదే, ఆరేండ్ల కింద కడప పక్కనించి మధులత కోడలై వచ్చింది, వచ్చిన మూడో దినం పప్పు చేసింది, గంటె ఎత్తి ఉఫ్ ఉఫ్ అని ఊది కింది పెదవికి ఆనిచ్చి చప్పరించి మళ్ళ గిన్నెలో పెట్టింది, నేను చూస్తి, గిన్నె ఎత్తుకోని పోయి పప్పంతా ఎనుము కుడితిలో పారబోస్తి, మీ యమ్మ ఇదేనా నేర్పించింది, ఎంగిలిదానా, అంటి, కొత్తకోడలు, గోరింటాకు ఇంకా పోలే, గోడకు ఆనుకోని ఏడ్చింది, యేసుప్రసాద్ వచ్చి, ఒక్క చుక్కకు ఇంత రాద్ధాంతమా అమ్మా, మన ఇంట్లో మనం తినేదానికి, అన్నాడు, వానికేం తెలుసు, వాకిలి కాడ ముక్కు మీద కొంగు పెట్టుకోని ఎవరన్నా నిలబడితే వానికి తెలిసేది, ఆరేండ్లు తిట్టినా ఆ పిల్లను, నాతో బడి వంటకు వచ్చినప్పుడు అరచేతిలో వొంపుకోనే చూస్తాది, ఇంట్లో నేను అటు తిరిగితే పెదవికే ఆనిస్తాది, ఆ చప్పుడు నాకు వినపడతాది, ఎంగిలిదానా అంటా, ఆ పేరే పెట్టేసినా, అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్తకుండ అని ఊరికే అనలే పెద్దోల్లు, అదీ ఊరుకోదు, మా అత్త ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలదు, కాకికి ఎంగిలి అంటుతాదని, అని అమ్మలక్కల కాడ ఎగతాళి చేసిందంట, ఆ మాట నా దాకా వచ్చింది, వారం దినాలు మాట్లాడలే నేను, ఇప్పుడు మాట్లాడదామంటే మాటే లేదు.

సరే, ఇప్పుడు ఇంకో పరీక్ష చేద్దామమ్మా, అంటాంది తనూజ, పేరు చెప్పక్కర్లేదు, వస్తువు ఇస్తాను, దాంతో ఏం చేస్తారో చేసి చూపించండి, చాలు, అని దువ్వెన ఇచ్చింది, ఎడమచేత్తో దువ్వుకున్నా, బాగుంది అంది, తాళంచెవి ఇచ్చింది, గాల్లో తిప్పినా, బాగుంది అంది, నా గుండె కొంచెం కుదుటపడింది, ఇది బాగుండాది, చేతులకు మాటలతో పనేముంది, తినేదానికి ఏమన్నా తెచ్చినారా అని మధులతను అడిగింది, మధులత సంచిలోనించి స్టీలు డబ్బా తీసింది, రాగిజావ, మజ్జిగ పోసి పలచగా చేసింది, నాకు పొద్దున తాపేది అదే, డబ్బా నా ముందర పెట్టి చెంచా నా ఎడమచేతికి ఇచ్చినారు, ఆ బొమ్మలో ఉండే చెంచానే, వేలెడంతది, తనూజ చూస్తాంది, యేసుప్రసాద్ తాళాలు ఆడించేది మానేసి చూస్తాండాడు, వాకిలి కాడ నిలబడి చూస్తాండాడు, మూడు దినాలు రామసుబ్బమ్మ నిలబడినట్లే, నా ముందర జావ, నా చేతిలో గంటె, చెంచా అయితేనేం, ఎవరో వాకిలి కాడ నిలబడి చూస్తాండారు, ముందు ఏం చెయ్యాల, ఉప్పు చూడాల, ఈ పిల్ల ఉప్పేసిందో లేదో, పోసే ముందు ఉప్పు చూడకుండా నేను ఏనాడన్నా పోసినానా, చెంచా ముంచినా, పైకెత్తినా, రోజూ అయితే కుడిచేతిలో గంటె, ఎడమ అరచేతిలో చుక్క, ఇప్పుడు తారుమారు, ఎడమచేతిలో గంటె, ఒడిలో వెల్లకిలా పడుకోనుండాది నా కుడిచెయ్యి, దాని అరచేతిలో వొంపినా, చెంచా తగలకుండా, కొంచెం ఎక్కువే పడింది, వెచ్చగా తగిలింది, తగిలింది అని తెలిసినాది నాకు, నలభై ఐదు దినాల తర్వాత ఆ చేతికి ఏదో తెలిసినాది, ఆ చెయ్యి పైకి రాదు కదా, అందుకే నేనే వొంగినా, వొంగి ఒడిలోని అరచెయ్యి నాకినా.

అయ్యో, చేతిలో పోసుకున్నారే, అంది తనూజ, లేచి గుడ్డ తెచ్చి నా చెయ్యి తుడిచింది, మెల్లిగానే తుడిచింది, తుడిచి కాగితంలో అడ్డగీత గీసింది, ఈ గీత ముందటివాటి కంటే పొడుగుంది, యేసుప్రసాద్ తట్టు తిరిగి, స్పూను నోటి దగ్గరికి తీసుకుపోవాలనేది కూడా తెలియట్లేదండీ, చూశారు కదా, అంటే మాట ఒకటే కాదు, అర్థం చేసుకోవడం కూడా దెబ్బతిన్నట్టే ఉంది, అంది, బాధగానే అంది, వాడు, అంతేనా మేడం, అన్నాడు, తాళాలు పట్టుకున్న చేత్తోనే కండ్లు తుడుచుకోని గోడ మీద క్యాలెండరు చూస్తాండాడు, లేదురా, అదికాదురా, ఉప్పు చూసినారా నేను, వినరా, స్తోత్రం, స్తోత్రం, స్తోత్రం, నా నోట్లోనించి వస్తా ఉంటే తనూజ నా భుజం తట్టి, సరేనమ్మా సరే, అంటాంది, బయట గడె పడే చప్పుడు నాకు ఇప్పుడే వినపడతాంది, గ్యాసు లేని వంటగది కనపడతాంది, వంకీకి వేలాడుతా ఉండే నా గంటెలు కనపడతాండాయి, ఎవరో వేరే ఆడమనిషి బడిలో పెద్దగంటె నాకి మళ్ళ గుండిగలో పెడతాండేది కూడా కనపడతాంది, దేవా, ఇన్ని చూపించి ఒక్క మాట ఇయ్యవే.

ఆ గీత కొట్టేయండి మేడం, అనింది మధులత, కూర్చున్నచోటే కూర్చోని, గొంతు పెంచకుండా, తనూజ అర్థం కాక చూసింది, మా అత్త తప్పు చేయలే మేడం, ఉప్పు చూసింది, మా అత్త గంటె నోటికి తగలనీదు, అరచేతిలో ఒక చుక్క వొంపుకోని రుచి చూస్తాది, ఆయమ్మ వంట చేసేటప్పుడల్లా అంతే, కావాలంటే మా బడికి వచ్చి పిల్లోల్లను అడగండి, నేను గంటె పెదవికి ఆనిచ్చినానని కొత్తకోడల్ని అని కూడా చూడకుండా పప్పంతా ఎనుముకు పోసింది, ఆరేండ్లు ఎంగిలిదానా అని పిలిచింది నన్ను, నాకంటే బాగా ఎవరికి తెలుస్తాది మేడం, ఇప్పుడు కుడిచెయ్యి లేవడంలేదు, అందుకే ఎడమచేత్తో వొంపుకోని వొంగి నాకింది, అంతే తేడా, తెలివి లేనోల్లు ఒక చుక్క కింద పడకుండా అట్ల వొంపగలరా మీరే చెప్పండి, యేసుప్రసాద్ క్యాలెండరు చూసేది మానినాడు, ఇంత మాట ఈ పిల్ల నా గురించి ఎప్పుడన్నా మాట్లాడిందా, మాట్లాడినా నేను విన్నానా, తనూజ పెన్ను పట్టుకోనే నా ముందర కుర్చీ జరుపుకోని కూర్చుంది, ఈసారి అరవలే, మెల్లిగా అడిగింది, అమ్మా, జావలో ఉప్పు సరిపోయిందా, నేను తల అడ్డంగా ఊపినా, సరిపోలేదా, నిలువుగా ఊపినా, ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి చిటికెడు చూపించి, ఆ చిటికెడు డబ్బాలో వేసినట్ల చేసినా, చేసి మధులత తట్టు గుడ్లు ఉరిమి చూసినా, మధులత నోటికి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వు ఆపుకుంటాంది, కండ్లలో నీళ్ళు, నిజమే మేడం, ఉప్పు అసలు వేయలే, పెద్ద డాక్టరు ఆయమ్మకు ఉప్పు తగ్గించమని నాతో ఒక్కదానితోనే చెప్పినాడు, చెప్తే ఈయమ్మ ఒప్పుకోదని నేను ఎవరికీ చెప్పలే, మా ఇంటాయనకు కూడా తెలియదు, దొంగా, నలభై ఐదు దినాలు జావ చప్పగా ఉండాదని నేను స్తోత్రం స్తోత్రం అని మొత్తుకుంటాంటే, వస్తాండా అత్తా అని నీళ్ళు తెచ్చిస్తాంటివే.

తనూజ ఆ గీత కొట్టేసింది, కొట్టేసి పక్కన ఏందో రాసింది, మధులతను అడిగి తెలుసుకోని మళ్ళ నన్ను ఓ పది ప్రశ్నలు అడిగింది, అన్నిటికీ తల ఊపినా, మీ ఇంటికి ఉత్తరం పక్క రోడ్డుందా, ఊపినా, కోడలి పేరు నిస్సీనా, కాదని ఊపినా, నిస్సీ నా మనవరాలు, నాలుగేండ్ల పిల్ల, పక్కింటి బాషా వాల్లమ్మ కాడ ఉండాది, యేసుప్రసాద్ తో చెప్పింది, మాట రావడానికి నెలలు పట్టొచ్చండీ, కానీ ఈమెకు అర్థమవుతోంది, మీరు మాట్లాడేది ప్రతిదీ అర్థమవుతోంది, నేనే సరిగా చూడలేదు, ఈమె ముందర ఈమె గురించి మాట్లాడకండి, ఈమెతో మాట్లాడండి, అని, వాడు వచ్చి నా కాళ్ళ కాడ కూర్చున్నాడు, నలభై రెండేండ్లోడు, ఆటో నూనె వాసన, అమ్మా, పొద్దున ఆటోలో అన్న మాటలన్నీ విన్నావా, అన్నాడు, ఊపినా, వాడు నా మోకాలి మీద తల పెట్టినాడు, మళ్ళ తలెత్తి, మధ్యానం బడికాడికి పోదామా అమ్మా, శ్రీనివాసులు సారుకు కాగితం నువ్వే ఇద్దువు, అన్నాడు, అడిగినాడు, నన్నే అడిగినాడు.

జావ సల్లగైపోతాది, తాగి పోదాం అత్తా, అని మధులత డబ్బా ఒడిలో పెట్టుకోనింది, చెంచా ముంచి ఎత్తి ఉఫ్ అని ఊదింది, ఊది అలవాటు కొద్దీ కింది పెదవికి ఆనిచ్చి వేడి చూసింది, చూసి అట్లనే ఆగిపాయె, నా తట్టు చూసింది, చెంచా గాల్లో ఉండాది, కడుక్కోనొస్తా అత్తా, అంటా లేవబోయింది, ఈ నలభై ఐదు దినాల్లో నా కండ్లు మూసుకోనున్నప్పుడల్లా ఇట్లనే చూసి తాపించిందేమో, నాలిక కాలకుండా, నేను చూసేటప్పుడు మాత్రం మణికట్టు మీద చుక్క వేసుకోని చూసేది, నాకు భయపడి, నేను ఎవరికి భయపడినానో ఆ భయమంతా దీనికి పెట్టినా, వాకిలి కాడ ముక్కు మీద కొంగు పెట్టుకోని నిలబడినాయమ్మ మనవడు రెండోసారి పప్పు అడిగి తిని, పెద్దోడై బెంగళూరు పాయె, వాకిలి కాడ ఎవరూ లేరు, ఎప్పుడో పోయినారు, నేనొక్కదాన్నే నిలబడుకోనుండా ఇంకా కొంగు పట్టుకోని, నా ఇంట్లో నా కోడలి మీద కావలి కాస్తా, నిస్సీకి పండ్లు రానప్పుడు అన్నం మెత్తగా నమిలి నోట్లో పెట్టింది నేను కాదా, యేసుప్రసాద్ కు పెట్టింది నేను కాదా, అప్పుడు ఎంగిలి ఏమైపాయె, గంటె నోటికి తగలరాదు, నిజమే, బడిలో తగలరాదు, నూట నలభై మంది పిల్లోల్లకు తగలరాదు, అది చట్టం, దాన్ని మార్చేది లేదు, మధ్యానం బడికి పోయి మళ్ళ చెప్తా, మాట రాకపోతే చేత్తో చెప్తా, కానీ ఇది బడి కాదు, లేస్తా ఉండే మధులత చెయ్యి ఎడమచేత్తో పట్టుకున్నా, మణికట్టు గట్టిగా పట్టుకోని ఆ చెంచా నా నోటి కాడికి లాక్కున్నా, కొంచెం గడ్డం మీద కారింది, కారనీ, మింగినా, చప్పగా ఉండాది, ఉప్పు లేదు, దాని కండ్లల్లోకి చూసినా, ఆరేండ్లకు చెప్పాల్సిన మాట ఒకటి నా లోపల ఉండాది, ఏ పేరుతో చెప్పాలో వెతకలే, పెదాలు తెరిచినా, స్తోత్రం, అంటి, ఈసారి నేను చెప్పాలనుకున్నదీ నా నోట్లో వచ్చిందీ ఒకటే మాట.